చీము పట్టని పుండు

“మావోనికి పుండైతే చీము పట్టది సారూ. నెత్తురు మంచిదని మా అత్త మురిసేది,” అంది అండాలు, ఒళ్లో చంటిపిల్లతో. ఆలేరు నుంచి పట్నం దవాఖానకు వచ్చి వారమైంది. నాలుగేళ్ల కొడుకు కాలిపుండు ఏ మందుకూ మానడం లేదు.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. “చీము పట్టకపోవడమే జబ్బమ్మా. రక్తంలో తెల్లకణాలు నాళం గోడకు అంటుకుని ఆగాలి, అప్పుడే పుండులోకి దిగుతాయి. చీమంటే అవే. వీడి కణాలకు ఆ అంటుకునే గుణం పుట్టుకతోనే లేదు.”

“మా టేషన్ల ఆగని ఎక్స్‌ప్రెస్ బండి లెక్కనా?”

“అంతే.”

“మరి మందు?”

“నా దగ్గర లేదు.” ఆయన కాగితాలు సర్దుకున్నాడు. “వీడికి బొడ్డు ఎన్నాళ్లకు ఊడింది?”

“నెల దాటినంక. బొడ్డూడందే మేం పురుడు పండుగ జెయ్యం. సుట్టాలు రెండుసార్లొచ్చి వాపసు వోయిండ్రు.”

“మామూలుగా పది పదిహేను రోజుల్లో ఊడాలి. ఈ జబ్బుకు అదే మొదటి గుర్తు. ఎవరూ పట్టించుకోరు.”

అండాలు ఒళ్లోని పిల్లకు చుట్టిన గుడ్డను మెల్లగా తొలగించి చూసింది. బొడ్డు ఊడలేదు. పుట్టి ముప్పై మూడు రోజులు.

ఈ పిల్ల పురుడుకూ చుట్టాలు ఒకసారి వచ్చి వెనక్కి పోయారు.