పాడుపెట్టని ఇల్లు

"ఆదివారం కల్లా గది ఖాళీ చేసెయ్యమ్మా," అంది సూర్యకళమ్మ.

హనాన్ ఒళ్లో చిన్నారి రీమ్ మగతగా పడుకుని ఉంది.

సూడాన్‌ యుద్ధంలో ఇల్లూ వాకిలీ, మొగుడూ పోయి, పాప కేన్సర్ వైద్యానికని రాజమండ్రి దాకా వచ్చిందా తల్లి. ఆసుపత్రికి దగ్గరని సూర్యకళమ్మ మేడ మీద గది తీసుకుంది. పక్క గదుల్లోనూ అలా కేన్సర్ పిల్లలతో వచ్చిన కుటుంబాలే. ఏడాదిగా ఉండటంతో తెలుగు కాస్త పట్టుబడింది.

"ఎందుకమ్మగారూ?"

"డాక్టరు ఇంక లాభం లేదన్నాడటగా. ఏమనుకోకు తల్లీ, నేనేం రాతిగుండెదాన్ని కాదు. ఇంట్లో ప్రాణం పోయిందనుకో, నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి."

"అంటే?"

"తాళం వేసి అందరం పోవాలి. నేనైతే పాలకొల్లు చెల్లెలింటికి పోతాను."

"పక్క గదుల పిల్లలు?"

"వాళ్లూ పోవాల్సిందే. నేను గనక ఇచ్చాను గానీ, ఇలాంటి పిల్లలకి ఇల్లెవరిస్తారు చెప్పు?"

పక్క గదిలో గుండు పిల్లలిద్దరు బంతి కోసం కీచులాడుకుంటున్నారు. హనాన్ అటే చూసింది.

"నేను చూసుకుంటానమ్మగారూ," అంది.

శనివారం తెల్లవారుతూనే హనాన్ మెట్లు దిగింది. శాలువా కప్పిన రీమ్ భుజం మీద ఉంది. వీధిలో బుల్లిబాబు ఆటో ఆగి ఉంది.

ముగ్గేస్తున్న సూర్యకళమ్మ తలెత్తింది.

"ఏంటి, ఇంత పొద్దున్నే?"

"ఆసుపత్రికి."

"పాపెలా ఉంది?"

"నిద్రపోతోందమ్మగారూ," అని నవ్వింది హనాన్.

పాప ఆసుపత్రిలో పోయిందని సాయంత్రం తెలిసింది. సూర్యకళమ్మ అయ్యో అనుకుంది. గండం గడిచిందని దేవుడికి దణ్ణమూ పెట్టుకుంది.

పాపని మట్టి చేసి హనాన్ అటునుంచటే వెళ్లిపోయింది.

సూర్యకళమ్మ ఊరుకుంటుందా! మనసు మంచిదే గానీ నోరు కాస్త పెద్దది.

"ఏడాది నీడనిస్తే వెళ్తున్నానని ఓ మాటైనా చెప్పిందా? విశ్వాసం లేని మనిషి!" అని వీధంతా చాటింది.

అది విని బుల్లిబాబు ఆటో దిగొచ్చాడు.

"ఆవిణ్ణి అంత మాట అనకండమ్మగారూ. చెప్పనని ఒట్టేశాను గానీ, ఇంక నావల్ల కాదండి."

"ఏంట్రా అది?"

"వీధి మలుపు తిరిగేదాకా నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుందండి. తిరగ్గానే ఘొల్లుమంది. పాపని ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది."

"ఒరేయ్, అంటే..."

"పాప మీ మేడమీదే పోయిందండి. పక్క గదుల పిల్లలు రోడ్డున పడకూడదని, ఏడుపు దిగమింగి, నిద్రపోతోందని మీకు చెప్పి, భుజాన వేసుకొచ్చేసిందండి ఆ తల్లి."