అధ్యక్షురాలి గడియ

తెనాలిలో బట్టలు కుట్టే సుభాషిణి, అందరు తల్లిదండ్రుల్లాగే, బడి కమిటీ సమావేశాలకు తన గొంతుతో మాట్లాడే మరబొమ్మను పంపేది. ఈసారి ఆ బొమ్మ మొహమాటపడి ఆమెను కమిటీ అధ్యక్షురాలిని చేసి వచ్చింది. సుభాషిణి మండిపడుతూ, ఆ బొమ్మను వెంటబెట్టుకుని, తర్వాతి సమావేశానికి తనే బడికి వెళ్లింది. అక్కడ ముప్పై బొమ్మలు వినయంగా తలలూపుతున్నాయి.

"నాకీ పదవి వద్దు సార్, రాజీనామా చేస్తున్నా," అంది.

హెడ్మాస్టరు దీనంగా చూశారు. "బాత్రూం తలుపుకి గడియ కొని మూడేళ్లయిందమ్మా. బిగిద్దామంటే అందరూ సరేనంటారు, చెయ్యేసేవాళ్లే లేరు."

"మరి పిల్లలెలా వెళ్తున్నారు?"

"మీ పాప బయట నిలబడి కాపలా కాస్తుంది."

సుభాషిణి మనసు చివుక్కుమంది. "స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి," అంది.

ఆమె గడియ బిగించి వచ్చేసరికి బొమ్మలు ఆమె రాజీనామాను ఏకగ్రీవంగా తిరస్కరించాయి. మొదట చెయ్యెత్తింది ఆమె బొమ్మేనట.