మీటింగులో నోరు విప్పినవాడు

ప్రిన్సిపాల్‌గారు తన చెయ్యి పట్టుకున్నారని కాలేజీ లైబ్రేరియన్ ఫిర్యాదు చేసింది. ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యాలని ఆ ప్రిన్సిపాల్‌గారే స్టాఫ్ మీటింగులో ప్రతిపాదించారు.

"అభ్యంతరముంటే చెప్పండి."

స్టాఫంతా బిస్కెట్ల మీద లోతైన పరిశోధనలో పడ్డారు.

"ఈ మౌనాన్ని ఇంగ్లీషులో ఏమంటారు మేష్టారూ?"

ఇంగ్లీషు మేష్టారు లేచి గొంతు సవరించుకున్నారు. "టాసిట్ కన్సెంట్ అంటారు సార్. ఆ టాసిట్ అనే మాట పుట్టింది లాటిన్‌లో. అక్కడ నోరు మూసుకుని ఉండటమనే అర్థం. ఒప్పుకోవడమనే అర్థం తర్వాత అతుక్కుంది."

"ఎలా అతుక్కుందయ్యా?"

"ఇలాంటి మీటింగుల్లోనే సార్!"

అందరూ గొల్లుమన్నారు. ప్రిన్సిపాల్‌గారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, సంతకం పెట్టేశారు.

బయట బెంచీ మీంచి లైబ్రేరియన్ ఆత్రంగా లేచింది. "ఏమండీ, నా తరఫున ఒక్కరైనా నోరు విప్పారా?"

మేష్టారు తన భార్య చేతిలోంచి సంచి అందుకున్నారు.

"ఆఁ, నేనొక్కణ్ణే విప్పాను."