గ్రహణం లేని రోజు

"గ్రహణం పట్టింది. నేను చెప్పేదాంక గది దాటి రాకు. సప్పుడు చెయ్యక పండుకో" అంటూ అత్త నీలమ్మ కోడలి చేతిలోని ఫోను లాక్కుని, బయట గొళ్లెం పెట్టేసింది.

హారిక గోడ మీది క్యాలెండర్ చూసింది. ఈ రోజు గ్రహణం లేదు. అసలు ఈ నెలలోనే లేదు.

అనుమానం పెనుభూతమంటారు. అయితే హారిక అనుమానానికి కారణాలు తక్కువేం కాదు. ఆమె కాకినాడ నుంచి జహీరాబాద్ వచ్చి స్థిరపడ్డ ఇంజనీరు కూతురు. లింగాయతుల అబ్బాయి వీరేశ్‌ను ప్రేమించి పెళ్లి చేసుకుంది. ఏడాది పాటు నీలమ్మ గడప తొక్కనివ్వలేదు. కడుపని తెలిశాక రమ్మంది గానీ, నోరారా ఒక్కసారి 'బిడ్డా' అని పిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉందని, ఏమాత్రం కంగారుపడినా బిడ్డకు ముప్పని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

రాత్రి డ్యూటీకి వెళ్లిన వీరేశ్ మధ్యాహ్నమైనా రాలేదు. పొద్దున అడిగితే, "ఓవర్‌టైమంట" అంది నీలమ్మ, మొహం అటు తిప్పుకుని.

బయట మగవాళ్ల గుసగుసలు. హారిక తలుపుకు చెవి ఆనించింది.

"గుంత తవ్విన్రా?" మామ మహాదేవప్ప గొంతు.

"చెర్కు తోట పక్కకే తవ్విన్రు. ఉప్పు బస్త గూడ దించిన్రు."

"పొద్దుగూకక ముందే అయిపోవాలె. లోపలున్న పిల్లకు తెల్వద్దు. జర మెల్లగ మాట్లాడుండ్రి."

ఆ గుంత తన కోసమే అనుకుంది హారిక. పేపర్లలో చదివిన పరువు హత్యలన్నీ కళ్ల ముందు తిరిగాయి. కడుపులో ఉన్నది వాళ్ల నెత్తురే కదా, దాన్ని చూసైనా జాలిపడరా? ఎంత పాపిష్టి మనుషులు! వీరేశ్ ఒక్కడు వస్తే చాలు. తల్లయినా తండ్రయినా వాడి ముందు తన మీద చెయ్యి వెయ్యలేరు.

అంతలో వాకిట్లో ఏదో బండి ఆగింది.

"వీరేశ్!" గొంతు చించుకుని అరిచింది. "వీరేశ్, నన్ను కాపాడు!"

బయట మాటలన్నీ టక్కున ఆగిపోయాయి.

ఇక ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదు. దువ్వెన తలుపు సందులో దూర్చి గొళ్లెం ఎత్తడానికి తంటాలు పడింది. పొత్తికడుపు లాగేస్తోంది. చాలాసేపటికి గొళ్లెం ఊడింది. పొట్ట పట్టుకుని వాకిలి వైపు పరుగెత్తింది.

నీలమ్మ ఎదురొచ్చి రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది.

"రావద్దంటి గద బిడ్డా! నీకు దండం పెడ్త, లోపలికి నడువు."

హారిక ఆమెను ఒక్క తోపు తోసి గడప దాటింది.

వాకిట్లో జనం మధ్య, పోయినవాళ్లను కూర్చోబెట్టి, ఉప్పు పోసి పూడ్చే ఆ ఇంటి ఆచారం ప్రకారం, మెడలో పూలదండతో, నుదుటి నిండా విభూతితో, కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు వీరేశ్.