రెండో డ్రైవు

స్విచ్ ఆపాలి. వైర్లన్నీ పీకాలి. పక్క రేకు విప్పాలి. కాలిపోయిన కంప్యూటర్లోంచి తీసిన, మార్కులన్నీ దాచి ఉన్న డ్రైవును ఈ కంప్యూటర్లో రెండో డ్రైవుగా బిగించాలి. నాలుగింటిలోగా నలభై రెండు మంది మార్కులు పంపాలి. బెంచీ మీదున్నాయన అర్జీకి రాసిన జవాబు మీద ముద్ర వేసి, ఆయన్ని పంపించెయ్యాలి.

చీటీలో ఇంతవరకూ సూపరింటెండెంటు రాశాడు. 'ఏడవకూడదు' అన్నది మాత్రం గుమస్తా అమ్మాయి తనే చేర్చుకుంది.

అది నర్సుల శిక్షణ బడి ఆఫీసు. మార్కులు వేళకు అందకపోతే నలభై రెండు మంది అమ్మాయిలకూ ఈ ఏడు ఉద్యోగాలు రావు. ఆమె ఉద్యోగమూ ఇంకా పర్మనెంటు కాలేదు. సూపరింటెండెంటు కూడా ఈ ఆఫీసుకు బదిలీ మీద వచ్చి నెలే అయింది.

ముద్ర వేయడం తేలిక కాబట్టి ముందు ఆ పని కానిచ్చింది. కాగితంలో ఏముందో చదవలేదు.

బెంచీ మీదున్నాయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. కానీ లేవలేదు.

ఆమె డ్రైవు బిగించి స్విచ్ వేసింది.

నల్లటి తెర. తెల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క ముక్క: డిస్కు ఏదీ దొరకలేదు.

"ఏదీ అంటే?" వెనకనుంచి సూపరింటెండెంటు.

"రెండూ కనిపించట్లేదు సార్. మొదట్నుంచీ ఉన్నది కూడా."

"ఉన్నదీ ఊడగొట్టావా తల్లీ! డిగ్రీ చదివానన్నావుగా?"

"నేను చదివింది చరిత్ర సార్."

"బాగుంది. ఇవాళ్టితో మనమూ అందులోకే పోతాం."

వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. ఆ మాట ఎత్తితే ఎక్కడో గుచ్చుకుంటుంది. పళ్ళ బిగువున మెకానిక్కుకు ఫోన్ చేసింది.

"అక్కా, వైర్లు తీసి మళ్ళీ పెట్టు."

"మూడుసార్లు పెట్టాను తమ్ముడూ."

"అయితే ఊది పెట్టు."

"ఊదాను."

"అయితే రేపొస్తాలే."

గడియారం మూడు దాటింది.

"రెండు డ్రైవులూ ఒకే కేబుల్‌కి తగిలించారామ్మా?" బెంచీ మీంచి నెమ్మదిగా వినిపించింది.

"అవునండీ."

"అదీ సంగతి. ఇంటికి పెద్దకొడుకుని నేనంటే నేనని రెండూ పట్టుబట్టాయి. అందుకే ఒక్కటీ పలకట్లేదు. కొత్తగా వచ్చినదాన్ని నువ్వు తమ్ముడివని ఒప్పించాలి. డ్రైవు వెనక సూదుల్లాంటివి ఉంటాయి చూడండి. వాటికి చిన్న తొడుగు తగిలించాలి. జంపర్ అంటారు."

సూదులున్నాయి. తొడుగు లేదు.

"ఇప్పుడు బజారుకెళ్ళి ఎవరు తెస్తారండీ?" ఆమె గడియారం వైపు చూసింది.

"అక్కర్లేదమ్మా. ఆ కాలిపోయిన పెట్టె పక్క రేకు లోపలివైపు చూడండి. టేపు కింద ఉంటుంది."

మూలన పడేసిన రేకును తిప్పి చూసింది. పసుపుబారిన టేపు. దాని కింద బియ్యపుగింజంత నల్లటి ముక్క. టేపు మీద బాల్‌పెన్ను అక్షరాలు: 'రెండో డ్రైవు పెట్టాల్సొస్తే కావాలి. పారేయకండి.'

ఆయనకెలా తెలుసని అడిగే తీరిక ఆమెకు లేదు.

"ఎక్కడ పెట్టాలండీ?"

"డ్రైవు మీద అంటించిన కాగితంలో బొమ్మ ఉంటుంది. అందులో రెండోది. మెల్లిగా పెట్టండి. సూది వంగిందా, ఇక అంతే."

ముక్క జారి వైర్ల మధ్య పడింది. గోళ్ళతో ఏరింది. ఈసారి కూర్చుంది.

స్విచ్ వేసింది.

ఒక డ్రైవు గుర్రుమంది. కాసేపటికి రెండోది గొంతు కలిపింది. తెర మీద రెండింటి పేర్లూ వచ్చాయి.

"అమ్మా, ఆ ఫైళ్ళు తెరుచుకున్నాక అడుగున ఒక్కసారి..."

"మీ కాగితం మీకిచ్చేశాంగా బాబూ?" సూపరింటెండెంటు కసిరాడు. "ఆవిణ్ణి పని చేసుకోనివ్వండి."

"సరేనండీ."

నాలుగింటికి నాలుగు నిమిషాలుండగా మార్కులు వెళ్ళిపోయాయి. సూపరింటెండెంటు కుర్చీలో కూలబడ్డాడు.

"గట్టెక్కించావు తల్లీ."

"నేను కాదు సార్, అదిగో ఆయన..."

బెంచీ ఖాళీగా ఉంది.

అయిదు దాటాక, ఆయనకిచ్చిన జవాబు నకలును ఫైల్లో పెట్టబోతూ ఆమె మొదటిసారి చదివింది.

'మీరు మా ఆఫీసులో రోజుకూలీ మీద కంప్యూటరు పని చేసినట్టు ఎలాంటి ఆధారమూ లేదు.' కింద ఆమె వేసిన ముద్ర.

దానికి గుచ్చిన అర్జీలో ఆయన రాత: 'ఇవాళ అయిదింటిలోగా ఆధారం చూపిస్తే నాకు వేరే చోట పని ఇస్తామన్నారు. దయచేసి ఇప్పించగలరు.'

ఆ అక్షరాలు టేపు మీదివే.

అడుగున, అన్నాడు కదా.

ఆమె రెండో డ్రైవులో ఒక ఫైలు తెరిచి చివరికంటా వెళ్ళింది. ఇంకోటి తెరిచింది. ఇంకోటి. పన్నెండేళ్ళ మార్కుల జాబితాలు. ప్రతిదాని అడుగునా 'ఎక్కించినవారు' అన్నచోట ఒకటే పేరు. అర్జీలో ఉన్న పేరే.

ఎప్పుడైనా ఏ ఆస్పత్రిలోనైనా ఒక నర్సమ్మ మీకు ధైర్యం చెప్పి సూది వేస్తే, తన పన్నెండేళ్ళ పనికి ఆధారం లేదన్న కాగితాన్ని జేబులో పెట్టుకుని, ఆ ఆధారాన్నే ఆ ఆఫీసుకు బతికించి ఇచ్చి వెళ్ళినాయనను ఒక్కసారి తలుచుకోండి.