హాలు దగ్గితే

"నా పాట కొయ్యడానికి నువ్వెవత్తివే?" అని రిహార్సల్లో వాద్యకారులందరి ముందూ స్వరాల కాగితాలు నా మొహాన విసిరికొట్టాడు ఎసెన్‌బర్గ్. న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్వే అంతా నెత్తిన పెట్టుకున్న సంగీతకర్త. నేను ఆయన శిష్యురాలిని, ఈ నాటకానికి డైరెక్టర్ని.

నాకూ ఒళ్ళు మండింది. ఎదురుగా నిలబడి అరిచాను. "నిన్న ఆ పాటప్పుడు హాలంతా దగ్గింది మాస్టారూ! జనం దగ్గితే పాట చచ్చినట్టే, కోసెయ్యమని నేర్పింది మీరే కదా?"

"అబద్ధం! ఆఖరి వరుస వెనకాలే నిలబడి విన్నాను. ఒక్కడు దగ్గితే ఒట్టు! వాయించేవాళ్ళే నీరసంగా ఏడ్చారు. గట్టిగా వాయించమను!"

తిట్టుకుంటూ తలుపు వైపు నడిచాడు. ఉక్రోషం పట్టలేక ఆయన వెనకనుంచి వెక్కిరింపుగా దగ్గాను. ఆయన ఆగలేదు. ఇంకా గట్టిగా దగ్గాను.

వాద్యకారులందరూ ఉలిక్కిపడి తలలు తిప్పారు.

ఆయన తప్ప.