ప్రసారం కొనసాగుతుంది

"ఇక కట్టేద్దామా? బ్యాటరీలు ఊరికే రావు" అన్నాడు రేడియో కొట్టు యజమాని.

కొట్టులో తలదాచుకున్నవాళ్ళంతా ఆయన్ని కొరకొరా చూశారు. కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి. బయట కుండపోత. ఊరికి మిగిలిన కబురల్లా ఆ పాత మీడియం వేవ్ సెట్టే. ఏళ్ళ తరబడి బేరం తగలక బీరువాలో దుమ్ము పట్టిన సరుకు ఇవాళ బల్లెక్కి కూర్చుంది.

"ముట్టుకోకండి" అన్నాడు టైలరు. "ఏటిగట్టు వీధివాళ్ళని ఎక్కడికి చేర్చారో ఇందులోనే చెప్పాలి. మా అమ్మ అక్కడే ఉంది. బ్యాటరీలు నా ఖాతాలో రాసుకోండి."

యజమాని చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆయన లెక్క వేరే. ఏ బేరంలోనైనా ఒకరికి కలిసొచ్చిందంటే ఇంకెవరికో చేయి కాలినట్టేనని ఆయన ఇన్నేళ్ళ వ్యాపారంలో నేర్చుకున్నది.

కొట్టు వెనకే ఇల్లు. మధ్య గుమ్మంలో యజమాని తమ్ముడి భార్య నిలబడి ఉంది. తమ్ముడు పొద్దున్నే పల్లంలోకి డ్యూటీకి వెళ్ళాడు. ఏవో మిషన్లు చూసుకునే ఉద్యోగమని తప్ప ఇరుగుపొరుగుకి అంతకు మించి తెలియదు. ఊళ్ళో ఇంత మెరక ఉండగా పోయిపోయి ఆ బురదలో కట్టారేంట్రా మీ ఆఫీసు అని అన్న ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. నేల తడిగా ఉంటేనే మా పని బాగా సాగుతుందని తమ్ముడు నవ్వేసేవాడు. ఫోన్లు పోయే ముందు భార్యతో ఒక్క మాటే అన్నాడు: "పని ఆగిన మరుక్షణం బయల్దేరతా. అప్పటిదాకా కదల్లేను."

ఊరి నడుమ మేడ మీది స్టూడియోలోంచి అనౌన్సరమ్మ గొంతు నిలకడగా వస్తోంది. పల్లపు రోడ్డు మీదికి నీళ్ళెక్కుతున్నాయట. అక్కడున్నవాళ్ళు వెంటనే వచ్చేయాలట.

"ఈ మాట మీవాడి చెవిన పడి ఉంటుందంటారా?" అని అడిగారు రిటైరైన మాస్టారు.

"అందరికంటే ముందు వాడి చెవినే పడుతుంది" అన్నాడు యజమాని ఎటో చూస్తూ.

అంతలో సెట్టు గరగరలాడి మూగబోయింది. టైలరు సెట్టు నెత్తిన రెండు తట్టాడు. మాస్టారు దాన్ని ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పారు. తమ్ముడి భార్య మాత్రం గబగబా లోపలికి పోయి స్టవ్ వెలిగించి నీళ్ళు పెట్టింది. తువ్వాలు, భర్త పొడిబట్టలు తీసి కుర్చీ మీద వేసింది.

గొంతు మళ్ళీ వచ్చింది. కొట్టంతా ఊపిరి పీల్చుకుంది.

ఆమె స్టవ్ ఆర్పేసింది.

"కట్టెయ్యండి బావగారూ. వినలేకపోతున్నాను."

"నేను కట్టేస్తే ఆగేది ఈ డబ్బా ఒక్కటేగా అమ్మా."

పిల్ల బెదిరిపోయిందని మాస్టారు జాలిపడ్డారు.

ఏటిగట్టు వీధివాళ్ళందరినీ పడవల మీద ఆడపిల్లల హైస్కూలుకి చేర్చారన్న కబురు అప్పుడొచ్చింది. టైలరు ఉన్నచోటే కూలబడ్డాడు. తర్వాత లేచి యజమాని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ సెట్టు నూరేళ్ళు చల్లగా ఉండాలి. కట్టేస్తానన్నారు చూడండి, అదొక్కటీ మర్చిపోలేను" అని నవ్వుతూనే దెప్పాడు.

యజమాని కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. త్రాసులో ఒక పళ్ళెం నిండింది. రెండో పళ్ళెంలో ఏముందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. పల్లమంతా నీళ్ళే. మసక వెలుగులో అక్కడి పొడుగాటి స్తంభం మీది ఎర్రదీపం తప్ప ఇంకేమీ ఆనడం లేదన్నారు.

"పల్లపు రోడ్డు మునిగింది" అంది రేడియో. "ఏం జరిగినా ఈ ప్రసారం ఆగదు. వింటూనే ఉండండి."

కొట్టులో ఎవరో చప్పట్లు కొట్టారు. తక్కినవాళ్ళూ అందుకున్నారు. తమ్ముడి భార్య పొడిబట్టలు మడిచి మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

ఆ ఎర్రదీపం కింద కూర్చుని, స్టూడియోలోని గొంతును ఊరికి అందించే మిషన్లు నడుపుతున్నది ఆమె భర్తే.